పెరటి కోడిని తక్కువ బాధతో కోయడం

కనుమ నాడో, గంగమ్మ జాతర రోజుల్లోనో, అల్లుడు వచ్చినప్పుడో రాగి సంగటిలోకి నాటుకోడి పులుసు చేసుకునే ఇళ్లు చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. పెంచిన కోడిని పెరట్లోనే కోసేవారు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. మంచి కోత క్షణంలో ముగుస్తుంది. పెరడంతా తరిమి పట్టుకోవడం, కాళ్లు కట్టి తలకిందులుగా మోసుకు తిరగడం మాత్రం కోడిని చాలాసేపు భయపెడతాయి. అందువల్ల శ్రద్ధంతా కత్తి పట్టక ముందే చూపాలి.

పని ముందు రోజు రాత్రే మొదలవుతుంది. చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు, గూట్లో కదలకుండా కూర్చుంటుంది గనుక అప్పుడు రెండు చేతులతో రెక్కలు అదిమి నెమ్మదిగా ఎత్తుకుంటే పెనుగులాట ఉండదు. దానిని వేరే గంప కింద ఉంచి, కోసే సమయానికి ముందు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు మేత ఆపాలి. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కడుపు ఖాళీగా ఉంటే లోపలి భాగాలు తీసేటప్పుడు మాంసానికి మలినం అంటదు. తూగుతున్న కోడిని, పచ్చగా పారుతున్న కోడిని తిండికి కోయకూడదు. అది కొక్కెర తెగులు కావచ్చు, పశువైద్యుడికి చూపించాలి. మందు వేసిన కోడి అయితే వైద్యుడు చెప్పిన గడువు దాటేదాకా ఆగాలి. పిల్లలు పేరు పెట్టుకుని పెంచిన కోడి అయితే విషయం వాళ్లకు ముందే చెప్పడం న్యాయం.

గుడి ఆవరణలో జంతువులను, పక్షులను బలి ఇవ్వడాన్ని 1950 నాటి చట్టం నిషేధిస్తోంది గనుక జాతర మొక్కు కోడినైనా అక్కడ కోయరాదు. తిండి కోసం చంపేటప్పుడు కూడా అనవసరమైన బాధ కలిగించడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మన్నించదు.

కోడి రెక్కలు కొట్టుకోకుండా ఉండటానికి శుభ్రమైన బియ్యపు సంచి మూలను తల పట్టేంత మాత్రమే కత్తిరించి, కోడిని అందులోకి తలకిందులుగా దించి, తల బయటికి వచ్చేలా గట్టి మేకుకు తగిలించాలి. సంచి శరీరాన్ని ఒత్తి పట్టి ఉంచడం వల్ల అది త్వరగా కుదుటపడుతుంది. కత్తిని అప్పటికే వెంట్రుక తెగేంత పదునుగా నూరి ఉంచాలి, ఎందుకంటే మొద్దు కత్తితో రంపంలా కోయడం కంటే క్రూరమైన పని ఇందులో మరొకటి లేదు. ఎడమచేత్తో తలను నిలకడగా పట్టుకుని, దవడకు సరిగ్గా కింద, మెడకు రెండు వైపులా ఉన్న రక్తనాళాలు తెగేలా ఒకే లోతైన వేటుతో కోయాలి. రెండూ తెగితే రక్తం ధారగా వస్తుంది, స్పృహ త్వరగా పోతుంది. బొట్లుబొట్లుగా కారుతుంటే నాళం సరిగా తెగలేదని అర్థం. సందేహించకుండా వెంటనే మళ్లీ కోయాలి. ఈ వేటు వేయడానికి చేయి ధైర్యం చాలనివారు మొదటిసారి అనుభవం ఉన్నవారి పక్కన నిలబడి నేర్చుకోవాలి.

రక్తం పూర్తిగా కారడానికి రెండు నిమిషాల దాకా పడుతుంది. ఆ సమయంలో వచ్చే కుదుపులు చాలామందిని కలవరపెడతాయి గానీ స్పృహ పోయిన తర్వాత కూడా కండరాలు అలా కదులుతాయి. ఊపిరి ఆగిందని, కనుగుడ్డును తాకినా రెప్ప కదలడం లేదని చూసుకున్న తర్వాతే వేడినీళ్లలో ముంచాలి. ప్రాణం ఉండగా ముంచడం ఎంతమాత్రం తగదు.

నీళ్లు 60 నుంచి 65 డిగ్రీల వేడిలో ఉంటే ఒక నిమిషం లోపే ఈకలు సులువుగా ఊడి వస్తాయి, మరిగే నీళ్లయితే చర్మం ఉడికి చిరుగుతుంది. మిగిలిన నూగును మంట మీద కాల్చి, పసుపు రాసి కడగాలి. పొట్ట కోసేటప్పుడు పేగులకు గాటు పడకుండా చూసుకుని, కార్జానికి అంటుకుని ఉన్న పచ్చని పిత్తపు తిత్తిని పగలకుండా తీయాలి. పగిలితే ఆ చేదు మాంసానికి పట్టేస్తుంది. తర్వాత మాంసాన్ని కొన్ని గంటలు ఫ్రిజ్‌లో చల్లగా ఉంచి వండితే ముదురు పుంజు కూడా మెత్తబడుతుంది. ఈకలను, పేగులను కుక్కలు తవ్వలేనంత లోతు గోతిలో సున్నం చల్లి పూడ్చాలి.