మోకాళ్ళ నొప్పి బిళ్ళ అడిగే ముందు

తిరుపతి బస్టాండుకు దగ్గర్లో నాకొక చిన్న మందులంగడి ఉంది. పొద్దుగూకితే చాలు, కొండ దిగొచ్చినోళ్ళు కుంటుకుంటా వస్తారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినాక మోకాళ్ళు ఊరుకుంటాయా? "అన్నా, గట్టి నొప్పి బిళ్ళ ఒకటియ్యన్నా" అంటారు. షుగరుందా, బీపీకి ఏ బిళ్ళ మింగుతున్నారు, పొద్దున్నుంచి ఒంటికి ఎన్నిసార్లు పోయినారు అని అడిగి గానీ ఇయ్యను. మూడో ప్రశ్నకు కొందరు గుర్రుగా చూస్తారు. చూడనీ.

ఇట్లా అడగడం నాకు మా పెద్దమ్మ వల్ల వచ్చింది. ఆమెది చంద్రగిరి పక్కన పల్లె. బీపీకి టెల్మిసార్టాన్, నీరు తీసే మందు రెండూ కలిసిన బిళ్ళ వేసుకునేది. మోకాళ్ళకేమో ఎప్పుడో ఎవరో రాసిచ్చిన ఎసిక్లోఫినాక్. మడతల దగ్గర చిరిగిపోయి, ప్లాస్టరు అతికించిన ఆ చీటీనే ఏండ్ల తరబడి చూపించేది. అమ్మింది ఇంకెవరో కాదు, నేనే. ఒక మే నెలలో రెండు రోజులు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నొప్పి బిళ్ళ మాత్రం మానలేదు. మూడో రోజు మూత్రం బొట్టు రాలేదు. కిడ్నీలు వడకట్టకపోతే రక్తంలో పేరుకునే చెత్త, క్రియాటినిన్, 4.6కి ఎక్కింది.

డాక్టరు చెప్పినాక గానీ నాకు తలకెక్కలేదు. కిడ్నీలో వడపోత జరగాలంటే రక్తానికి ఒత్తిడి ఉండాల. నొప్పి బిళ్ళ లోపలికొచ్చే నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. నీరు తీసే మందూ విరేచనాలూ కలిసి ట్యాంకీనే ఖాళీ చేస్తాయి. ఇంక వడపోతకు ఒత్తిడి యాడిది? డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ కూడా ఈ జాతివే. అట్లని టెల్మిసార్టాన్‌ను తిట్టుకోవద్దు, షుగరున్నోళ్ళ కిడ్నీలను కాపాడే మందుల్లో అదొకటి. మీ అంతట మీరు మానొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మాత్రం డాక్టరుకు ఫోను చేసి, ఈ బిళ్ళలు ఆపాలా అని అడగండి. మామూలు నొప్పికి నేను పారాసిటమాల్ ఇస్తా, అదీ చెప్పిన మోతాదు దాటకుండా.

నొప్పి బిళ్ళల కన్నా ఎక్కువ మంది కిడ్నీలను తినేసేది అదుపు తప్పిన షుగరు, బీపీ. చప్పుడు లేకుండా తినేస్తాయి. "క్రియాటినిన్ నార్మలన్నా" అని కాగితం చూపించి నవ్వుతారు. సగం పని పోయేదాకా అది పెద్దగా పెరగకపోవచ్చు. అందుకే ల్యాబులో ఈజీఎఫ్ఆర్ కూడా రాయించుకోండి, కిడ్నీలు ఏమాత్రం వడపోస్తున్నాయో చెప్పే లెక్క అది. మూత్రంలోకి ప్రొటీను కారుతోందా అని తెలియాలంటే, పొద్దున మొదటి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూపించుకోండి. ఈజీఎఫ్ఆర్ మూడు నెలలు వరసగా 60కి దిగువున్నా, ఆ నిష్పత్తి 30 దాటినా కిడ్నీ డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. షుగరు, బీపీ ఉన్నోళ్ళు ఏడాదికొకసారి ఈ రెండూ చేయించుకోవాల. మూత్రం నురగ కట్టినా, సాయంత్రానికి పాదాలు ఉబ్బినా ఏడాది దాకా ఆగొద్దు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు. సంగటిలోకి ఊరుమిరపకాయ, అన్నంలోకి ఊరగాయ, పక్కన అప్పడం పెట్టుకుంటే ఆ చెంచా మధ్యాహ్నానికే నిండిపోతుంది. తక్కువ సోడియం ఉప్పని అమ్ముతుంటారే, దాంట్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్నోళ్ళు, టెల్మిసార్టాన్ లాంటివి వాడేవాళ్ళు డాక్టరును అడక్కుండా దాని జోలికి పోవద్దు. పేరూ ఊరూ లేని పొట్లాల్లో ఇచ్చే భస్మాలకైతే దూరంనుంచే దండం పెట్టండి.

ఇంక నీళ్ళు. అయిదు లీటర్లు తాగితే కిడ్నీలు కడుక్కుంటాయనేది వట్టి మాట. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు. ఎండలో పనిచేసేవాళ్ళకు ఎక్కువే కావాల. కాళ్ళు ఉబ్బినోళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే తాగాల.

పెద్దమ్మకు డయాలసిస్ దాకా పోలేదు. క్రియాటినిన్ 1.4 దగ్గర నిలబడింది. మొన్న అంగడికొచ్చి, "ఆ పాత బిళ్ళ ఒక్కటియ్యరా, గంగజాతర చూసొస్తా" అనింది. పారాసిటమాల్ చేతిలో పెట్టి, ఆటో ఎక్కించినా.