ఈ వారం ఏ డీలరు దగ్గరికి వెళ్లాలి: రొయ్యల మేత అమ్మకాలకు లెక్కల మోడల్

భీమవరం, ఆకివీడు, పాలకొల్లు చుట్టుపక్కల రొయ్యల మేత అమ్మే కంపెనీ, ఏ డీలరు చేజారేలా ఉన్నాడో పాత బిల్లుల నుంచి అంచనా వేసే మోడల్ కట్టేముందు, దానితో తేల్చాల్సిన విషయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఉదాహరణకు: "జారిపోయేలా ఉన్న డీలర్లలో ఈ వారం ఎవరి దగ్గరికి సేల్స్ మనిషిని పంపాలి?" ఇది రాసుకోకపోతే, ఒక్కో డీలరు చేజారే అవకాశం ఎంతో చెప్పే స్కోర్లు వస్తాయి గానీ, వాటితో ఏం చేయాలో ఎవరికీ తోచదు.

టాలీ (బిల్లులు, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నుంచి కనీసం రెండేళ్ల బిల్లులు తీయండి. ఒకే షాపు రెండు మూడు స్పెల్లింగులతో కనిపిస్తుంది, కాబట్టి పేరు చూసి కలపొద్దు. 15 అక్షరాల జీఎస్టీ నంబరులో మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం వరకూ ఉండేది పాన్. పాన్‌నూ మండలాన్నీ జతచేసి గుర్తింపుగా పెట్టుకోండి. జిల్లా పేరును మాత్రం నమ్మొద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక, పాత బిల్లుల్లో పశ్చిమ గోదావరి అని ఉన్న ఊళ్లలో చాలా ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నాయి.

ఎక్కువమంది దెబ్బతినేది "ఆఖరి ఆర్డరు ఎన్ని రోజుల కిందట?" అన్న లెక్క దగ్గర. వనామీ రకం రొయ్య పంట మూడు నాలుగు నెలలు. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మేయడం) అయ్యి చెరువులు ఎండగట్టినప్పుడు డీలరు నెల రోజులు పలకకపోయినా కంగారు అక్కర్లేదు. అదే డీలరు పంట మధ్యలో పదిహేను రోజులు బస్తా ఎత్తలేదంటే, రొయ్యకు రోజూ మేత పడాల్సిందే కనుక, ఇంకో కంపెనీ సరుకు దిగుతోందేమో చూడాలి. అందుకే ఆర్డరు లేని ఈ మౌనాన్ని ఆ మండలంలో మిగతా డీలర్ల కొనుగోళ్లతో పోల్చి కొలవండి. చేపల చెరువుల లెక్క వేరు, దాన్ని ఇందులో కలపొద్దు.

మొదట లాజిస్టిక్ రిగ్రెషన్ (కొన్ని అంశాలను బట్టి ఒకటి జరిగే అవకాశం ఎంతో లెక్కగట్టే సులువైన పద్ధతి) చాలు. చేజారిన డీలర్లు 60 మంది ఉంటే ఐదారు అంశాలకు మించొద్దు: మౌనం, బస్తాల తగ్గుదల, బకాయి ఎన్నాళ్లుగా ఉంది, కొనే మేత రకాల సంఖ్య, కంపెనీతో ఎన్నేళ్ల అనుబంధం. "ఖాతా మూసివేత" లాంటి, చేజారిన తర్వాత పుట్టే వివరం చేర్చితే పరీక్షలో మోడల్ అద్భుతంగా కనిపిస్తుంది, ఊళ్లోకి దిగాక ఎందుకూ పనికిరాదు. పరీక్ష కూడా పాత నెలలతో నేర్పి, తర్వాతి నెలల మీదే చేయాలి.

స్కోరు ఎక్కువుందని పరిగెత్తొద్దు. ఒక సందర్శనకు 600 రూపాయల ఖర్చు, డీలరు నిలబడితే 9,000 లాభం అనుకుందాం. వెళ్లడం వల్ల చేజారే అవకాశం 10 శాతం పాయింట్లు తగ్గితే విలువ 900, వెళ్లొచ్చు. ఐదే తగ్గితే 450, ఫోనుతో సరిపెట్టండి. ఆ తగ్గుదల ఎంతో తెలియాలంటే జాబితాలో ఐదో వంతు డీలర్లను చీటీలు తీసి పక్కన పెట్టి, ఒక పంట కాలం వాళ్ల దగ్గరికి అదనంగా వెళ్లకుండా ఉండి, వెళ్లిన డీలర్లతో పోల్చాలి. సేల్స్ వాళ్లు ఒప్పుకోరు. అయినా ఇది వదలొద్దు, నమ్మదగిన కొలత ఇదొక్కటే.

2025 ఆగస్టులో, రొయ్యలతో సహా మన దేశపు సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి పెరిగింది. అంతకుముందు నెలల కొనుగోళ్లతో నేర్పిన మోడల్ తర్వాతి నెలలకు సరిపోతుందో లేదో విడిగా పరీక్షించాకే వాడండి.