కీమో తర్వాత మొలిచే జుట్టు: మొదటి ఏడాది జాగ్రత్తలు

ఆఖరి కీమో అయి మూడు నాలుగు నెలలు గడిచేసరికి తల మీద కాస్త జుట్టు కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఏదో ఒక శుభకార్యం వచ్చిపడుతుంది. తమ్ముడి పెళ్లో, మరిదిగారి అమ్మాయి ఓణీల ఫంక్షనో. "ఫొటోల్లో ఇలాగే కనబడతావా? పార్లర్‌కి వెళ్లి కాస్త రంగైనా వేయించుకో" అని అత్తయ్యలు, పిన్నులు ప్రేమగానే అంటారు. మనకీ అద్దంలో చూసుకున్నప్పుడు అదే అనిపిస్తుంది. నేనూ ఆ దశ దాటి వచ్చినదాన్నే కాబట్టి ఆ ఆత్రం నాకు తెలుసు. ఆ ఆత్రంలోనే ఎక్కువ నష్టాలు జరుగుతాయి. తలకి ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి అన్నది మాడు చర్మం స్థితిని బట్టి ఉండాలి. పెళ్లి ముహూర్తాన్ని బట్టి ఉండకూడదు. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

జుట్టు ఎలా తిరిగొస్తుందో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. కీమో మందులు వేగంగా పెరిగే కణాల మీద పనిచేస్తాయి. జుట్టు కుదుళ్లలోని కణాలు కూడా అలా వేగంగా పెరిగేవే. అందుకే డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ లాంటివి ఎక్కించుకున్నవాళ్లకి మొదటి డోసు తర్వాత 2 నుంచి 4 వారాల్లో జుట్టు రాలిపోతుంది. దాదాపు అందరిలోనూ కుదురు బతికే ఉంటుంది. మందు ఆగిన 3 నుంచి 6 వారాలకు పసిపిల్లల తల మీద ఉండేలాంటి నూగు వస్తుంది. ఇంకో నెలకి అసలు జుట్టు మొదలవుతుంది. అక్కణ్నుంచి నెలకి సుమారు ఒక సెంటీమీటరు, లేదంటే కాస్త ఎక్కువ. ఆరు నెలలకు రెండు మూడు అంగుళాలు, ఏడాదికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు అనుకోవచ్చు. భుజాల దాకా రావాలంటే రెండేళ్లు ఓపిక పట్టాలి. ఏ నూనె రాసినా, ఎన్నిసార్లు చివర్లు కత్తిరించినా ఈ వేగం పెద్దగా మారదు. వారం వారం పాక్లిటాక్సెల్ తీసుకునేవాళ్లలో కొందరికి ట్రీట్‌మెంట్ నడుస్తుండగానే నూగు మొదలవుతుంది. దాన్ని చూసి మందు పనిచేయడం లేదని కంగారు పడొద్దు.

మొదట వచ్చే జుట్టు మన పాత జుట్టులా ఉండదు. రంగునిచ్చే కణాలు ఇంకా కోలుకోకపోవడం వల్ల తెల్లగానో బూడిదరంగులోనో రావచ్చు. ఎప్పుడూ తిన్నగా ఉన్న జుట్టు ఉంగరాలు తిరిగి వస్తుంది. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఇవన్నీ నెమ్మదిగా పాత తీరుకి వస్తాయి, కొందరికి ఉంగరాలు అలాగే ఉండిపోతాయి. తల ఒక్కోచోట ఒక్కోలా నిండుతుంది కూడా. మాడు మీద పలచగా, చెవుల దగ్గర ఒత్తుగా ఉన్నా అది జబ్బు కాదు.

తలస్నానం

వారానికి రెండుసార్లు, పసిపిల్లలకి వాడే మెత్తటి షాంపూ చాలు. గోళ్లతో రుద్దకుండా వేళ్ల కొసలతో పైపైన రాసి కడిగేయాలి. కుంకుడుకాయ మన ఇళ్లలో మంచిదే, కానీ కనురెప్పల వెంట్రుకలు ఇంకా రానివాళ్లకి ఆ రసం కళ్లలో పడితే మంట మామూలుగా ఉండదు. మాడు పొడిబారి ఉన్నప్పుడు ఇంకా ఎండిపోయేలా చేస్తుంది. రెప్పలు, జుట్టు రెండూ కాస్త నిలదొక్కుకున్నాకే దాని జోలికి వెళ్లండి.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవాళ్లకి చేతివేళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి, ఒక్కోసారి నెలల తరబడి. ఆ వేళ్లతో నీళ్లు పట్టుకు చూస్తే వేడి తెలియదు. మాడేమో ఇంకా లేతగా ఉంటుంది. అందుకని బకెట్లో నీళ్ల వేడిని మోచేత్తో చూడండి, లేదా ఇంట్లోవాళ్లని చూడమనండి. హెయిర్ డ్రయ్యర్, స్ట్రెయిట్‌నర్ పట్టుకునేటప్పుడు కూడా ఇదే ప్రమాదం. డ్రయ్యర్ తప్పదనుకుంటే చల్లగాలి మీద పెట్టుకోండి. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లు ఆ వైపు చెయ్యి ఎత్తితే నొప్పిగా ఉంటే ఎక్కువసేపు దువ్వుకోకుండా, అక్కతోనో కూతురితోనో దువ్వించుకోవడం మేలు.

నూనెలు, ఇంటి చిట్కాలు

కొబ్బరినూనె నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని తలకి అద్దుకుంటే చాలు. ఒక గంట ఉంచి కడిగేయొచ్చు. వేడి నూనె పోసి మర్దన చేయించుకోవడం, రాత్రంతా నూనెతో తలకి గుడ్డ చుట్టి పడుకోవడం ఇప్పుడు వద్దు. కొత్త వెంట్రుక చర్మం చీల్చుకుని వచ్చేటప్పుడు చిన్న చిన్న పొక్కులు లేస్తుంటాయి. నూనె, చెమట కలిస్తే అవి చీము పడతాయి.

ఉల్లిరసం, వెల్లుల్లి, మిరియాల పొడి కలిపిన ఆముదం, ఇవన్నీ మాడుని మండిస్తాయి. ఆ మంటనే "పనిచేస్తోంది" అనుకుంటారు పాపం. ఇక పేనుకొరుకుడుకి పల్లెల్లో గురివింద గింజ అరగదీసి రాస్తారు కదా, దాన్ని కీమో తలకి కూడా రాయమనేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. గురివింద గింజలో తీవ్రమైన విషం ఉంటుంది. పుండు పడిన చర్మం మీదైతే మరీ ప్రమాదం.

"మళ్లీ గుండు గీయిస్తే ఒత్తుగా వస్తుంది" అనేది ఇంకో మాట. వెంట్రుక మందం కుదురు లోపల నిర్ణయమవుతుంది, బ్లేడు పైన కనబడే భాగాన్నే కోస్తుంది. మొద్దుగా తెగిన కొసలు చేతికి గరుకుగా తగులుతాయి, అంతే. ఎగుడుదిగుడుగా ఉన్నవాటిని సమం చేయించాలంటే బ్లేడు కాకుండా ట్రిమ్మర్ వాడమని చెప్పండి. మగవాళ్లు గడ్డం విషయంలో కూడా రక్తకణాలు మామూలు స్థాయికి వచ్చేదాకా ట్రిమ్మరే వాడాలి.

తిరుమల మొక్కు సంగతి వేరు. తగ్గితే తలనీలాలు ఇస్తానని స్వామికి మొక్కుకున్నవాళ్లు మనలో ఎందరో. ఆ మొక్కు తీర్చుకోవద్దని నేను అనను. కానీ కీమో ముగిసిన వెంటనే కల్యాణకట్టకి పరుగెత్తొద్దు. తెల్లరక్తకణాలు తక్కువగా ఉంటే చిన్న గాటు కూడా ఇన్‌ఫెక్షన్‌కి దారి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే రక్తం త్వరగా ఆగదు. బ్లడ్ కౌంట్ చేయించి, డాక్టరు సరేనన్నాకే బయల్దేరండి. ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. లేత మాడు మీద బ్లేడు పెట్టించుకునేందుకు భయపడేవాళ్లకి అది చక్కటి దారి.

రంగు

అందరూ తొందరపడేది ఇక్కడే. కీమో అయ్యాక కనీసం ఆరు నెలలు ఆగమని చాలామంది డాక్టర్లు చెబుతారు. జుట్టు పొడిగా, మాడు ఎర్రగా, పొలుసులుగా ఉంటే ఆరు నెలలు దాటినా ఆగాల్సిందే.

నల్లరంగు డైలలో ఎక్కువగా ఉండేది పారాఫినైలిన్‌డయమిన్ అనే రసాయనం. పార్లర్లలో పీపీడీ అంటారు. తల వాచిపోవడం, కళ్లు మూసుకుపోవడం, రసి కారడం లాంటి అలర్జీలకి పేరుమోసింది ఇదే. "అమ్మోనియా లేదు" అని ప్యాకెట్ మీద ఉంటే పీపీడీ లేదని అర్థం కాదు. "బ్లాక్ హెన్నా", "హెర్బల్" అని అమ్మే పొడుల్లో కూడా చాలావాటిలో ఇది ఉంటుంది. అసలైన గోరింటాకు పొడి ఎప్పుడూ నల్లగా పండదు. కాబట్టి ముప్పావుగంటలో జుట్టు నిగనిగలాడే నలుపైతే, ఆ పొడిలో గోరింటాకు కాక ఇంకేదో ఉన్నట్టే. వెనక పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది చదివి కొనండి.

"ఇరవై ఏళ్లుగా ఇదే డై వాడుతున్నాను, నాకేం కాదు" అని అనుకోవద్దు. అలర్జీ ఎప్పుడైనా కొత్తగా మొదలుకావచ్చు. కొంచెం రంగు కలిపి మోచేతి లోపలి వైపు గానీ చెవి వెనక గానీ రాసి, 48 గంటలు చూడండి. పార్లర్‌కి వెళ్లేది పెళ్లి ముందురోజు అయితే ఈ పరీక్షకి టైమే ఉండదు. కనీసం వారం ముందు చూసుకోవాలి. దురద, ఎరుపు, పొక్కు ఏది కనిపించినా ఆ డబ్బా పక్కన పెట్టేయండి. అంతా బాగుంటే మాడుకి తగలకుండా, వెంట్రుకల మీద మాత్రమే వేయమని చెప్పండి.

స్వచ్ఛమైన గోరింటాకు వీటన్నిటికంటే నయం. తెల్ల జుట్టు మీద అది నారింజ రంగులో పండుతుంది, ముందే తెలిసి పెట్టుకుంటే బాధ ఉండదు. దానికీ 48 గంటల పరీక్ష చేయాలి. ఫంక్షన్ దగ్గర్లోనే ఉండి ఇంకా ఆరు నెలలు కాకపోతే, ఏ రంగూ వద్దు. పొట్టి జుట్టుతోనే, మెడ వెనక, చెవుల చుట్టూ నీట్‌గా కత్తిరించుకుని, పెద్ద జుంకాలు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని వెళ్లండి. ఎంత బాగుంటుందో నేను కళ్లారా చూశాను.

ఉంగరాల జుట్టు నచ్చక, దాన్ని తిన్నగా చేసే కెరాటిన్, స్మూతెనింగ్ చేయించుకుందామనుకునేవాళ్లకి ఒక్కటే మాట, ఈ ఏడాది వద్దు. ఆ క్రీములు చాలావాటినుంచి వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థే తేల్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పి అమ్మే కొన్నిటిలో గ్లైఆక్సిలిక్ యాసిడ్ వాడతారు. దానివల్ల కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. సిస్‌ప్లాటిన్ లాంటి మందులతో కిడ్నీలు ఒకసారి అలసిపోయినవాళ్లకి ఆ రిస్కు ఎందుకు? ఎక్స్‌టెన్షన్లు, బిగుతు జడలు, సవరం కూడా లేత వెంట్రుకని కుదురుతో సహా లాగేస్తాయి. కీమో రోజుల్లో కోల్డ్ క్యాప్ (మందు ఎక్కించేటప్పుడు తలని చల్లబరిచే టోపీ) పెట్టుకుని జుట్టు కొంత కాపాడుకున్నవాళ్లకి కూడా ఇవన్నీ వర్తిస్తాయి.

ఎండ, విగ్గు, మంట

రామగుండంలోనూ రెంటచింతలలోనూ 45 డిగ్రీలు దాటే ఎండల్లో మాడు మీద నేరుగా ఎండ పడితే గంటలో కాలిపోతుంది. ఫ్లోరోయురాసిల్, కాపెసిటబిన్ వాడినవాళ్ల చర్మం ఎండకి ఇంకా త్వరగా కందిపోతుంది. పలచటి నూలు గుడ్డ కట్టుకోండి. గుడ్డ లేనిచోట ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాయండి. అమెరికా చలిలో ఉన్నవాళ్లు ఉన్ని టోపీ కింద నూలు గుడ్డ కట్టుకుంటే గుచ్చుకోదు.

విగ్గు పెట్టుకుంటే ఇంటికి రాగానే తీసేసి మాడుకి గాలి తగలనివ్వండి. జిగురుతో అంటించేవి వద్దు. సింథటిక్ విగ్గు వేడికి ముడుచుకుపోతుంది. కుక్కర్ ఆవిరి, బజ్జీల మూకుడు, ఓవెన్ దగ్గర తీసేసి పని చేసుకోవాలి. మరీ ముఖ్యంగా హారతి కళ్లకి అద్దుకునేటప్పుడు, దీపావళికి చిచ్చుబుడ్డి వెలిగించేటప్పుడు విగ్గైనా, తలగుడ్డ కొసలైనా మంటకి దూరంగా ఉండాలి.

కనుబొమలు తలకంటే ముందో వెనకో వస్తాయి, వచ్చినవి మరోసారి రాలి మళ్లీ వస్తాయి కూడా. నిండేదాకా త్రెడింగ్ మానేసి పెన్సిల్‌తో దిద్దుకోండి. స్టికర్ బొట్టు జిగురుకి మామూలు మనుషులకే నుదుట తెల్లమచ్చ పడుతుంటుంది, కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టడం మంచిది.

మాత్రలు, డాక్టరు

జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు కొనేవాళ్లు తప్పక చదవాల్సిన విషయం ఇది. ఎక్కువ మోతాదు బయోటిన్ ఒంట్లో ఉంటే థైరాయిడ్, గుండెకి చేసే ట్రోపోనిన్, కొన్ని హార్మోన్ల రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే ఈ హెచ్చరిక చేసింది. తరచూ రక్తం ఇచ్చే మనకి ఇది చిన్న సంగతి కాదు. ఏ మాత్ర వేసుకున్నా, ఆయుర్వేదమైనా సరే, క్యాన్సర్ డాక్టరుకి చూపించండి, ల్యాబ్‌లో కూడా చెప్పండి. జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ మందు కొందరికి పనికొస్తుంది, కానీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే హార్మోన్ మాత్రలు టమాక్సిఫెన్, లెట్రోజోల్, అనాస్ట్రజోల్ వాడేవాళ్లకి జుట్టు పలచబడటం ఆ మాత్రల వల్ల కూడా కావచ్చు. జుట్టు కోసం వాటిని సొంతంగా ఆపేయకండి, ఎట్టి పరిస్థితుల్లోనూ.

కీమో ముగిసి ఆరు నెలలైనా తల నిండకపోతే చర్మ డాక్టరుని కలవాలి. డోసిటాక్సెల్ తీసుకున్నవాళ్లలో కొద్దిమందికి జుట్టు పూర్తిగా తిరిగి రాదు, తలకి రేడియేషన్ ఇచ్చినచోట కూడా అలా జరగొచ్చు. చాలాసార్లు మాత్రం రక్తహీనతో, ఐరన్ తక్కువో, థైరాయిడో కారణమని తేలుతుంది, వాటికి మందులున్నాయి. గుండ్రంగా ఖాళీ అయి దురద పెడితే తామర కావచ్చు. చీము పొక్కులతో పాటు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా కీమో ఇచ్చిన ఆసుపత్రికే ఫోన్ చేయండి. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లేరోజు తలకి నూనె, రంగు, కన్సీలర్ పొడి ఏవీ లేకుండా వెళ్లండి. వాడిన కీమో మందుల పేర్లున్న డిశ్చార్జి కాగితం, నెలకోసారి ఒకే కిటికీ దగ్గర తీసుకున్న తల ఫొటోలు వెంట తీసుకెళ్తే ఆయనకి పని సులువవుతుంది.