రీఫ్ ట్యాంకులో నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గించే వెనిగర్ డోసింగ్

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియంలో, వారానికోసారి 10 శాతం నీళ్లు మార్చినా నైట్రేట్ 25–30 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దగ్గర మొండికేస్తే, ఎన్ని బకెట్లు మోసినా అది పెద్దగా దిగదు. మార్చిన నీళ్లతో పోయేది పదో వంతే. చేపల మేత దాన్ని వారంలో మళ్లీ నింపేస్తుంది. కార్బన్ డోసింగ్, అంటే వెనిగర్ లాంటి కర్బన పదార్థాన్ని రోజూ కొలిచి పోయడం, పనికొచ్చేది ఇక్కడే. రీఫ్ నీళ్లలో బ్యాక్టీరియాకు నత్రజని, ఫాస్ఫరస్ పుష్కలంగా ఉంటాయి, కర్బనమే కరువు. దాన్ని కొద్దికొద్దిగా అందిస్తే బ్యాక్టీరియా పెరుగుతూ నైట్రేట్‌ని, ఫాస్ఫేట్‌ని తన ఒంట్లోకి తీసుకుంటుంది. పెరిగిన బ్యాక్టీరియాలో కొంత ప్రొటీన్ స్కిమ్మర్ (గాలి బుడగలతో నురగ తెప్పించి మురికి తీసే పరికరం) నురగలో చిక్కి కప్పులోకి చేరుతుంది.

అందుకే స్కిమ్మర్ లేని ట్యాంకులో దీని జోలికి వెళ్లకండి. బ్యాక్టీరియాను బయటికి లాగేదీ, అది వాడుకున్న ఆక్సిజన్‌ని తిరిగి నింపేదీ స్కిమ్మరే. ఉన్న స్కిమ్మర్ ట్యాంకుకి చిన్నదైతే ముందు దాన్ని మార్చండి.

ఇంకో పని కూడా ముందే చేయాలి. ట్యాంకులో పోసే ఆర్‌వో నీళ్లను ఉప్పు కలపకముందే పరీక్షించండి. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో చాలా చోట్ల బోరు నీళ్లలో నైట్రేట్ ఎక్కువ. ఒక్క ఆర్‌వో మెంబ్రేన్ దాన్ని పూర్తిగా ఆపలేదు, తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) కూడా ఉండాలి. కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు 0 చూపించకపోతే రెజిన్ మార్చండి. రోజూ టాప్ అప్‌తో (ఆవిరైన నీళ్లకు బదులు పోసే నీళ్లతో) నైట్రేట్ పోస్తూ వెనిగర్‌తో తీయాలనుకోవడం వృథా శ్రమ.

వెనిగర్, వోడ్కాల్లో మా ఓటు వెనిగర్‌కే. బలం తక్కువ కాబట్టి కొలతలో చిన్న తేడా వచ్చినా ట్యాంకు తట్టుకుంటుంది. రంగు, కారమెల్ లేని తెల్ల వెనిగర్ తీసుకుని, సీసా మీద ఆమ్ల శాతం చూడండి. మన దుకాణాల్లో 4 శాతానిది ఎక్కువ, అమెరికాలో 5 శాతానిది. 4 శాతం వెనిగర్ 1 మి.లీ.లో సుమారు 16 మిల్లీగ్రాముల కర్బనం ఉంటుంది, 5 శాతం దాంట్లో 20. మన దగ్గర దొరికే 42.8 శాతం వోడ్కాలో 175 దాకా ఉంటుంది, అంటే 1 మి.లీ. వోడ్కా 11 మి.లీ. వెనిగర్‌తో సమానం. ఈ లెక్క తెలియక ఒకదాని మోతాదులో మరొకటి పోస్తే ఒక్క రాత్రిలో ట్యాంకు తెల్లబడిపోతుంది. యాపిల్ సైడర్ వెనిగర్, సర్జికల్ స్పిరిట్, పంచదార, బెల్లం, వీటిలో ఏదీ వాడొద్దు.

మోతాదు లెక్క ట్యాంకు సైజు మీద కాదు, అందులో నిజంగా ఉన్న నీళ్ల మీద. 300 లీటర్ల ట్యాంకులో రాళ్లు, ఇసుక పోను, సంప్ (ట్యాంకుకి కలిపిన ఫిల్టర్ తొట్టి) కలుపుకుని 260 లీటర్లు ఉంటే 260 మీదే లెక్క కట్టాలి. కింది అంకెలు 100 లీటర్ల నీళ్లకు, 4 శాతం వెనిగర్‌వి:

మొదటి 3 రోజులు రోజుకి 1 మి.లీ.
4వ రోజు నుంచి 7వ రోజు దాకా 2 మి.లీ.
ఆ తర్వాత వారానికోసారి 2 మి.లీ. చొప్పున పెంచాలి, అంటే రెండో వారం 4, మూడో వారం 6.

నైట్రేట్ దిగడం మొదలవగానే పెంచడం ఆపేయండి. అది రెండో వారంలో కనిపించవచ్చు, ఐదో వారం దాకా కనిపించకపోనూవచ్చు. మొదటి రెండు వారాలు అంకె కదలకపోతే కంగారుపడి రెట్టింపు చేయొద్దు, ఎక్కువ ట్యాంకులు పాడయ్యేది ఆ తొందరలోనే. 15 మి.లీ. దాకా వచ్చినా కదలిక లేకపోతే వెనిగర్‌ని వదిలి కారణం వెతకండి. చాలాసార్లు అది ఫాస్ఫేట్ అయిపోవడమే.

బ్యాక్టీరియాకు రెండూ కావాలి. సుమారుగా 10 పీపీఎం నైట్రేట్‌కి 1 పీపీఎం ఫాస్ఫేట్ వాడుకుంటుంది. ఫాస్ఫేట్ 0.01 దగ్గరికి పడిపోతే నైట్రేట్ 20 ఉన్నా అక్కడే ఆగిపోతుంది. అప్పుడు జీఎఫ్‌వో (ఫాస్ఫేట్‌ని పట్టేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) రియాక్టర్ నడుస్తుంటే ఆపండి, మేత కాస్త పెంచండి. దీనికి తిరగబడి నైట్రేట్ సున్నాకి వచ్చి ఫాస్ఫేట్ 0.15 దగ్గర ఉంటే ల్యాబ్ గ్రేడ్ పొటాషియం నైట్రేట్ కలపొచ్చు. 200 లీటర్లకు 1 గ్రాము వేస్తే నైట్రేట్ 3 పీపీఎం పెరుగుతుంది. ఫాస్ఫేట్ మరీ ఎక్కువుంటే వెనిగర్ ఒక్కదానితో పని జరగదు, జీఎఫ్‌వో తప్పదు. అందుకే వారానికి రెండుసార్లు రెండూ కొలిచి తేదీతో సహా రాసుకోండి. ఫాస్ఫేట్‌కి రంగు చూసి పోల్చే కిట్ చాలదు, డిజిటల్ చెకర్ కావాలి. ఫాస్ఫరస్‌ని పీపీబీలో చూపించే చెకర్ అయితే అంకెని 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో వస్తుంది.

గురి నైట్రేట్ 2–5, ఫాస్ఫేట్ 0.03–0.05. రెండూ సున్నా చేయడం గొప్ప కాదు. పగడాలు పాలిపోతాయి, ఇసుక మీద బుడగలతో గోధుమరంగు జిగురులా డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు పరుచుకునే ప్రమాదం ఉంది. అవి ఒకసారి పట్టుకుంటే వదిలించడం నైట్రేట్ దించడం కంటే చాలా కష్టం. మెత్తటి పగడాలు మాత్రమే ఉన్న ట్యాంకులో నైట్రేట్ 10 ఉన్నా ఇబ్బంది లేదు, దాన్ని అలాగే వదిలేయొచ్చు.

పోషకాలు తగ్గుతున్నప్పుడు ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా ఆపే నీళ్ల శక్తి, డీకేహెచ్‌లలో కొలుస్తారు) 7–8.5 డీకేహెచ్ మధ్య కదలకుండా ఉంచండి. 10–11 దగ్గర నడిపే ట్యాంకుల్లో నైట్రేట్ పడిపోగానే గట్టి పగడాల కొమ్మల కొనలు కాలినట్టు తెల్లబడతాయి. వెనిగర్ ఆమ్లం కాబట్టి పోసిన వెంటనే పీహెచ్, ఆల్కలినిటీ కాస్త దిగుతాయి. బ్యాక్టీరియా దాన్ని తినేశాక ఆ ఆల్కలినిటీ తిరిగొస్తుంది. అందుకే మోతాదు ఉదయం లైట్లు వెలిగాక మొదలుపెట్టి సాయంత్రంలోపు మూడు నాలుగు భాగాలుగా, ప్రవాహం బలంగా ఉన్న చోట వేయాలి. రాత్రి వద్దు. కిరణజన్య సంయోగక్రియ లేక ఆక్సిజన్ అప్పటికే తక్కువ ఉంటుంది.

ఆక్సిజన్ విషయం మన ఎండాకాలంలో ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. ఉప్పునీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకి 6.7 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటే 30 దగ్గర 6.2 మాత్రమే. నీళ్లు 29 దాటితే మోతాదు సగానికి తగ్గించండి. వెనిగర్‌ని కొలిచి వేసే డోసింగ్ పంప్ ఇన్వర్టర్ మీద, స్కిమ్మర్ మామూలు లైను మీద ఉంటే కరెంటు పోయినప్పుడు వెనిగర్ పడుతూనే ఉంటుంది, గాలి మాత్రం ఆగిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అప్పుడే. రెండింటినీ ఒకే లైనుకి కలపండి. గంటసేపు కరెంటు పోతే ఆ రోజు మిగిలిన మోతాదు మానేయండి.

డోసింగ్ పంప్ ట్యూబు చివర నీళ్ల మీద రెండు అంగుళాల ఎత్తులో వేలాడాలి. నీళ్లలో మునిగి ఉంటే అక్కడ తెల్లటి జిగురు పేరుకుని మూసుకుపోతుంది, సైఫన్ అయ్యే ప్రమాదమూ ఉంది. సీసాలో వారం మోతాదుకి మించి పోయొద్దు. పంపు ఇరుక్కుని నడుస్తూనే ఉన్నా నష్టం అంతటితో ఆగుతుంది.

పైపుల లోపల, పంపు మీద కాస్త తెల్ల జిగురు పట్టడం మామూలే, తుడిచేస్తే సరిపోతుంది. పగడాల మీద తీగల్లా వేలాడితే మాత్రం మోతాదు ఎక్కువైనట్టే. నీళ్లు పాలు కలిపినట్టు మసకబారితే వెంటనే డోసింగ్ ఆపి, ఎయిర్ స్టోన్ వేసి, స్కిమ్మర్ కప్పుని తరచూ ఖాళీ చేయండి. యూవీ స్టెరిలైజర్ ఉంటే ఆన్ చేయండి. నీళ్లు తేటపడ్డాక పాత మోతాదులో సగంతో మొదలుపెట్టాలి. ఇసుక మీద ఎర్రటి సైనో (సైనోబ్యాక్టీరియా) పొరలు వస్తే సైఫన్‌తో లాగేసి, మోతాదు మూడో వంతు తగ్గించి, ఫాస్ఫేట్ సున్నాకి పడిపోయిందేమో చూడండి. వోడ్కా వాడుతుంటే వెనిగర్‌కి మారండి.

నైట్రేట్ 5కి దిగాక వారానికి పావు వంతు చొప్పున తగ్గిస్తూ, అంకె నిలబడే మోతాదు దొరికే దాకా వెళ్లండి. తర్వాత రోజూ అదే. డోసింగ్ మానేయాలన్నా ఇలాగే మెల్లగా దించాలి. ఒక్కసారిగా ఆపేస్తే తిండి లేని బ్యాక్టీరియా చచ్చి, తీసుకున్నదాంట్లో కొంత మళ్లీ నీళ్లలోకే వదులుతుంది. ఊరెళ్లేటప్పుడు చూసుకునే మనిషి లేకపోతే రెండు వారాల ముందు నుంచే తగ్గించుకుంటూ రండి.