సెఫీడ్‌తో కొలిచిన దూరం తేడా వస్తోందా?

సెఫీడ్ అంటే క్రమం తప్పకుండా వెలుగు పెరిగి తగ్గే నక్షత్రం; ఆ చక్రానికి ఎన్ని రోజులు పడుతుందో (పీరియడ్) తెలిస్తే దాని అసలు ప్రకాశం, దాంతో దూరం లెక్క కట్టవచ్చు. దూరం తప్పు రాగానే ఆ సూత్రాన్ని అనుమానించకండి. తప్పు ఎటు వచ్చింది, ఎంత వచ్చింది అన్నది చూస్తే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. డెల్టా సెఫీనే తీసుకుందాం. మామూలు కంటికే కనిపిస్తుంది, 5.37 రోజులకోసారి పెరిగి తగ్గుతుంది, సగటు ప్రకాశం 3.95 మాగ్నిట్యూడ్ (ఈ అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ). దూరం దాదాపు 890 కాంతి సంవత్సరాలని పారలాక్స్ పద్ధతిలో (భూమి కక్ష్యలో కదిలేకొద్దీ నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణంతో) ముందే తెలుసు కాబట్టి మన లెక్కను సరిచూసుకోవచ్చు.

లెక్క ఇది: రోజుల్లో ఉన్న పీరియడ్‌కి 10 ఆధారపు లాగ్ తీసుకుని, అందులోంచి 1 తీసేసి, −2.43తో గుణించి, అందులోంచి 4.05 తీసేస్తే అసలు ప్రకాశం వస్తుంది. కనిపించే ప్రకాశంతో దానికున్న తేడాయే దూరం చెబుతుంది.

సమస్య: దూరం 470 కాంతి సంవత్సరాల దగ్గర ఆగిపోయింది
మీ పీరియడ్ 1.23 రోజులని వచ్చి ఉంటుంది. రోజూ రాత్రి ఒకే టైముకి ఒక్క ఫొటో తీస్తే 5.37 రోజుల చక్రం, 1.23 రోజుల చక్రం రెండూ ఆ చుక్కల మీద చక్కగా కూర్చుంటాయి, సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఎంచుకుంటుంది. కొన్ని రాత్రులు నాలుగైదు గంటల తేడాతో రెండుసార్లు తీయండి, సరిపోతుంది.

సమస్య: 960 వచ్చింది, కొంచెం ఎక్కువ
మధ్యలో ధూళి ఉంది. అది వెలుగును మింగేస్తే నక్షత్రం దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ నక్షత్రానికి దాదాపు 0.23 మాగ్నిట్యూడ్ తీసేస్తే 860 దాకా దిగుతుంది. ధూళి నీలి వెలుగును ఎక్కువ ఆపుతుంది కాబట్టి రెండు ఫిల్టర్లలో కొలిచి రంగును బట్టి దిద్దుకోవడం మంచి పద్ధతి, ఇన్‌ఫ్రారెడ్‌లో అయితే ఈ బాధ చాలావరకు తగ్గిపోతుంది.

సమస్య: వేరే నక్షత్రానికి దూరం సరిగ్గా రెట్టింపు వస్తోంది
నాకు అన్నిటికంటే ఇష్టమైన తప్పు ఇదే, ఎందుకంటే దీన్ని మహామహులే చేశారు. సెఫీడ్లు రెండు రకాలు. డబ్ల్యూ వర్జినిస్ లాంటి ముసలి, తక్కువ బరువు నక్షత్రాలు అదే పీరియడ్‌కి దాదాపు 1.5 మాగ్నిట్యూడ్ మసకగా ఉంటాయి, అంటే దూరంలో రెండు రెట్ల తేడా. 1923లో ఆండ్రోమెడా గెలాక్సీలో సెఫీడ్ కనిపెట్టిన ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ దాని దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలన్నారు. ఆయన తప్పు మనకు వచ్చినదానికి ఎదురు దిశలో పడింది, మసక రకం కొలబద్దని వెలుగు రకానికి వాడినట్టయింది. 1952లో వాల్టర్ బాడే ఈ రెండింటినీ విడదీయగానే విశ్వం దూరాలన్నీ రెట్టింపయ్యాయి, ఇప్పుడు ఆండ్రోమెడా దూరం 25 లక్షలు. మీరు ముందు నక్షత్రం ఎక్కడుందో చూడండి: గ్లోబ్యులర్ క్లస్టర్‌లోనో (గుండ్రంగా గుమికూడిన ముసలి నక్షత్రాల గుంపు), పాలపుంత పళ్లేనికి బాగా పైనో ఉంటే రెండో రకమని అనుమానించాలి. వర్ణపటంలో లోహాలు తక్కువగా ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

సమస్య: దూరపు గెలాక్సీలో సెఫీడ్ మరీ దగ్గరగా వస్తోంది, హెచ్చుతగ్గులు కూడా చిన్నవే
పక్క నక్షత్రాల వెలుగు కలిసిపోయింది. దీనికి పెద్ద టెలిస్కోపే మందు. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ అదే సెఫీడ్లను విడివిడిగా చూసి, హబుల్ టెలిస్కోప్ కొలతల్లో ఈ కలయిక వల్ల పెద్ద పొరపాటేమీ లేదని తేల్చింది.