ఇష్టం కోసమే పీహెచ్‌డీ చేయాలనుందా? ముందు ఇలా తేల్చుకోండి

ఉద్యోగం కోసం కాదు, ప్రమోషన్ కోసం కాదు, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవాలన్న సరదా కూడా లేదు, ఆ సబ్జెక్టంటే పిచ్చి కాబట్టి పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నారా? బావుంది. కానీ సబ్జెక్టు మీద ఇష్టం వేరు, పరిశోధన మీద ఇష్టం వేరు. చరిత్ర పుస్తకాలు తెల్లవార్లూ చదివేవాళ్లని ఒకే ఊరి పన్నుల లెక్కలు నాలుగేళ్లు తిరగేయమంటే ఎంతమంది ఒప్పుకుంటారు?

అందుకే అప్లికేషన్ పెట్టకముందే ఓ మూడు నెలలు ఉత్తుత్తి పీహెచ్‌డీ చేసి చూడండి. ఒక ప్రశ్న రాసుకోండి, "భాషలు ఎలా మారతాయి" లాంటిది కాదు, "ఫలానా ప్రత్యయం ఎప్పటినుంచి కనబడకుండా పోయింది" అన్నంత చిన్నది. దాని మీద ఓ ఇరవై పరిశోధన పేపర్లు చదివి, పది పేజీలు రాసి, ఆ రంగం తెలిసిన, మొహమాటం లేని మనిషి చేతిలో పెట్టండి. గీతలు కొట్టి వెనక్కి ఇస్తారు. దాన్ని మూడోసారి తిరగరాయడానికి కూర్చున్నప్పుడు మీకేమనిపిస్తోందో చూసుకోండి. ఎవరిదో పేపర్లో పట్టికలోని అంకెకీ, కింద ఇచ్చిన వివరణకీ పొంతన లేదని తగిలి, నిద్ర ముంచుకొస్తున్నా మూలం ఎక్కడుందా అని వెతుకుతూ ఉండిపోయారా, లేక "ఎవడిక్కావాలిలే" అని పేజీ తిప్పేశారా? తిప్పేస్తే తప్పేం లేదు. మీకు చదవడం ఇష్టం, దానికి డిగ్రీ అక్కర్లేదు.

డబ్బు సంగతి. బ్రిటన్‌లో ఫుల్‌టైమ్ అయితే మూడు నాలుగేళ్లు, అమెరికాలో కోర్సులూ క్వాలిఫయింగ్ పరీక్షలూ కలుపుకుని ఐదారేళ్లు, పార్ట్‌టైమ్ అయితే ఇంకా ఎక్కువ. ఇన్నేళ్ల ఖర్చుకి ఫెలోషిప్ ఉంటే సరే, అప్పు చేసి మాత్రం వద్దు, నెలనెలా కిస్తీ గుర్తొస్తుంటే ఏ చదువూ తలకెక్కదు.

ఇప్పుడు కుదరకపోతే తర్వాతైనా చేయొచ్చు. క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయన్ మే, గ్రహాల మధ్య ఉండే ధూళి మీద లండన్ ఇంపీరియల్ కాలేజీలో మొదలుపెట్టిన పీహెచ్‌డీని 1970లలో పాటల కోసం వదిలేసి, 2007లో పూర్తి చేశారు.

అన్నీ కుదిరాయా? అయితే గైడ్ దగ్గర ఇప్పుడున్న స్కాలర్లతో, దొరికితే మధ్యలో మానేసినవాళ్లతో మాట్లాడండి. "మంచివారేనా" అని అడగొద్దు, అందరూ మంచివారే అంటారు. "చాప్టర్ ఇస్తే ఎన్నాళ్లకి చదివి ఇస్తారు?" అని అడిగి, జవాబు చెప్పేముందు వాళ్లు ఎంతసేపు ఆలోచిస్తారో గమనించండి.