ఫాంగ్ నా సముద్ర గుహల్లోకి పడవ మీద వెళ్లడం ఎలా?

ఇప్పుడు తిరుపతి నుంచి కూడా థాయిలాండ్‌కు బాగానే పోతున్నారు. అంత ఖర్చు పెట్టుకుని ఫుకెట్ దాకా వెళ్లి, ఫాంగ్ నా అఖాతంలో గుహ వాకిలి దగ్గరికి చేరి, లోపలికి పోలేక తిరిగొచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సముద్రం నీళ్లు ఎక్కే, దిగే వేళ తెలుసుకోకపోవడమే కారణం.

ప్రయాణం నవంబరు, ఏప్రిల్ మధ్య పెట్టుకోండి. చెన్నైలో విమానం ఎక్కండి. తడవని సంచీ, వెనక పట్టీ ఉన్న చెప్పులు, మంచినీళ్లు చాలు. పడవ మాత్రం లాంగ్‌టెయిలే మాట్లాడుకోవాలి, అంటే వెనక పొడవాటి ఇంజను కడ్డీ ఉండే అక్కడి చెక్క పడవ. స్పీడ్‌బోటు వద్దే వద్దు. అది రోజులో అయిదారు చోట్లకు పరుగెత్తిస్తుంది, ఎక్కడా నిలకడగా చూడనివ్వదు.

ఇక అసలు సంగతి. ఆ సున్నపురాతి దీవుల్లో కొన్ని లోపల డొల్ల. కప్పు కూలిపోయి, చుట్టూ నిలువు గోడలు, పైన ఆకాశం, మధ్యలో మడుగు, మడ చెట్లు ఉంటాయి. దారి గుహలోంచే. పోటు ఎక్కువైతే గుహ కప్పు దాకా నీళ్లు నిండుతాయి. ఆటు మరీ ఎక్కువైతే పడవ బురదలో కూర్చుంటుంది. ఆ రెంటికీ మధ్య కాసేపే మనకు దారి. పైగా పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న వెళ్లొచ్చినవాళ్ల టైము మీకు పనికిరాదు.

మనవాళ్లు అష్టమి, నవమి అని మానుకుని పౌర్ణమికి బుక్ చేస్తారు. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, వేగంగా కూడా. అష్టమి, నవమి రోజుల్లోనే నెమ్మది. గుహకు అదే మంచి రోజు. ఏ గుహ ఎన్ని గంటలకు తెరుచుకుంటుందో డబ్బు కట్టకముందే అడగండి. "తొమ్మిదికి హోటల్ దగ్గర ఎక్కించుకుంటాం" అంటే అది జవాబు కాదు.

గుహ ముందు గాలి నింపిన చిన్న పడవలోకి మారాలి. తెడ్డు వేసే మనిషి పడుకోమనగానే వెల్లకిలా పడుకోండి. లైఫ్ జాకెట్ విప్పొద్దు, తల ఎత్తొద్దు, మోచేయి పడవ అంచు దాటనివ్వొద్దు. గోడల నిండా ఆల్చిప్పలు, బ్లేడులా కోస్తాయి. గబ్బిలాలున్న చోట కేకలు, ఫ్లాష్ వద్దు. బెలూం గుహల్లోలా నిలబడి తీరిగ్గా చూద్దామంటే ఇక్కడ కుదరదు. ఇక పోదాం అనగానే బయల్దేరాలి, అవతల నీళ్లు ఎక్కుతుంటాయి. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లను పెద్ద పడవలోనే కూర్చోబెట్టండి.

తర్వాత, సముద్రంలో మేకులా నిలబడ్డ కో టాపు రాయిని దూరం నుంచే చూడాలి, దగ్గరికి పడవలను పోనివ్వరు. భోజనం కో పన్యీలో, నీళ్ల మీద గుంజలపై కట్టిన ఊరు అది. శాకాహారులు చేపలు వద్దంటే సరిపోదు, ఫిష్ సాస్ కూడా వేయొద్దని విడిగా చెప్పండి.